టెన్షన్ ఉందని రాస్తే ఐవీఎఫ్ ఆపేస్తారా? సంతానలేమి ప్రశ్నావళి: అపోహలు - వాస్తవాలు

ఫారం చేతికివ్వగానే చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఇదే: "మేడమ్, ఏడుపొస్తోందని రాస్తే డాక్టరుగారు ఈ నెల సైకిల్ (ఒక విడత చికిత్స) ఆపేస్తారా?" సంతానలేమి క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తూ, జీవన నాణ్యత కొలిచే ప్రశ్నావళిని మన తెలుగువాళ్లకు తగ్గట్టు తయారుచేసే పనిలో ఉన్నాను. ఈ భయం గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

అపోహ: టెన్షన్ పడితే ఐవీఎఫ్ ఫెయిలవుతుంది. అందుకే ఫారంలో 'బాగానే ఉన్నాను' అని పెట్టాలి.

కాదు. 2011లో మనస్తత్వ పరిశోధకురాలు జాకీ బోవిన్ బృందం 14 అధ్యయనాల్లోని 3,583 మంది మహిళల వివరాలు కలిపి విశ్లేషించి, బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించింది. చికిత్సకు ముందు దిగులు, ఆందోళన ఉన్నంత మాత్రాన ఆ సైకిల్‌లో గర్భం వచ్చే అవకాశం తగ్గలేదని తేలింది. అయినా "నువ్వు ఊరికే టెన్షన్ పడతావు, అందుకే నిలవలేదు" అనే మాట చుట్టాల్లో, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. రిపోర్టు నెగెటివ్ వచ్చి కుంగిపోయిన అమ్మాయి మీద ఈ నింద కూడా వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకామెకు ఫారం ఇచ్చినప్పుడు పక్క కుర్చీలో అత్తగారు ఉన్నారు. మీ బాధ ఇంట్లోవాళ్లకు అర్థమవుతోందా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. అత్తగారి వైపు ఓసారి చూసి, 'పూర్తిగా' గడిలో టిక్కు పెట్టేసింది. తర్వాత ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, తలుపు వేసి, కొత్త ఫారం ఇచ్చాను. ఈసారి టిక్కు ఆ చివరి నుంచి ఈ చివరికొచ్చింది. తోడికోడలి సీమంతంలో గాజులు తొడిగే చోటికి తనను రానివ్వలేదట. ఇంజెక్షన్లు మానేద్దామని అప్పటికే నిర్ణయించుకుందట. మొదటి ఫారం ప్రకారమైతే ఆమెకు ఏ ఇబ్బందీ లేదు! మనసు అలిసిపోయి చికిత్స మధ్యలో మానేసేవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లను ముందే గుర్తించడానికే ఈ ఫారం. స్కోరు తక్కువొస్తే చికిత్స ఆపరు, ఎక్కడ సాయం కావాలో చూస్తారు.

నష్టం ఆ ఒక్కరితో పోదు. ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు ముందు పేషెంట్లతో కూర్చుని వింటాం, తర్వాత ప్రశ్నలు రాస్తాం, కొందరికిచ్చి ఏం అర్థమైందో అడుగుతాం, ఆపైన చాలామందితో నింపిస్తాం. అందరూ ఒకే గడిలో టిక్కు పెట్టిన ప్రశ్న మనిషికీ మనిషికీ తేడా చూపించలేదు కాబట్టి దాన్ని తీసేస్తాం. భయపడి అందరూ 'పూర్తిగా' అంటే, అత్తింటి గురించి అడగాల్సిన ప్రశ్నే ఎగిరిపోతుంది.

అపోహ: మామూలు ఆరోగ్య ప్రశ్నావళి సరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 26 ప్రశ్నల ఫారం మంచిదే. నొప్పి, నిద్ర, డబ్బు అన్నీ అడుగుతుంది. కానీ పిల్లల్ని కనమని నలుగురూ పెట్టే ఒత్తిడి గురించి అడగదు. అందుకే బోవిన్, టేక్‌ఫ్‌మన్, బ్రేవర్‌మన్ కలిసి సంతానలేమి ఉన్నవాళ్ల జీవన నాణ్యత కొలిచే ఫెర్టిక్యూఓఎల్ అనే ప్రశ్నావళి తయారుచేశారు. 1,414 మంది జవాబులతో పరీక్షించి 36 ప్రశ్నలకు కుదించారు. 24 మనసు, శరీరం, దాంపత్యం, నలుగురితో మెలగడం గురించి, 10 చికిత్స గురించి, రెండు మొత్తం ఆరోగ్యం, జీవితం గురించి. మా దగ్గర వినేవి ఇంకా ఉన్నాయి: చికిత్స కోసం తాకట్టు పెట్టిన నగలు, "వాడికి ఇంకో పెళ్లి చేస్తాం" అనే బెదిరింపు. వీటికి చోటివ్వాలని నా పట్టుదల.

మిగతావి గబగబా. స్కోరు ఎక్కువొస్తే ప్రమాదమనుకుంటారు. ఫెర్టిక్యూఓఎల్‌లో 0 నుంచి 100 వరకు ఎంత ఎక్కువైతే అంత మంచిది. తక్కువొస్తే మానసిక జబ్బని కాదు, ఈ ఫారం రోగ నిర్ధారణ చేయదు. మగవాళ్లకు అక్కర్లేదనడం శుద్ధ తప్పు. భార్యాభర్తలు ఒకే ఫారం కలిసి నింపకూడదు, ఎవరిది వారే.

హాల్లో అందరి మధ్యా ఫారం ఇస్తే "విడిగా కూర్చుని రాస్తానండీ" అని అడగండి. చదవడం ఇబ్బందైతే నర్సుతో చదివించుకోండి, ఇంట్లోవాళ్లతో వద్దు. రాసింది ఎవరెవరు చూస్తారో పెన్ను పట్టుకునే ముందే అడిగి తెలుసుకోండి.