ఆరు నుంచి ఎనిమిది దాకా: లెక్కల టీచరుకు అందని శిక్షణ

ఐదో తరగతి వరకు లెక్కను చాలామటుకు చేత్తో పట్టుకుని చూపించవచ్చు. చింతగింజలు, పుల్లలు, చిల్లర డబ్బులు చాలు. ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి సున్నాకంటే చిన్న సంఖ్యలు వస్తాయి, అంకె ఉండాల్సిన చోట ఎక్స్ వచ్చి కూర్చుంటుంది, భిన్నాన్ని భిన్నంతో భాగించాల్సి వస్తుంది. "రెండోదాన్ని తిరగేసి గుణించు" అంటే జవాబు వచ్చేస్తుంది. అదే "ముప్పావులో పావులు ఎన్ని?" అని అడిగితే పిల్లలు కాగితం మడిచి చూసి మూడని వాళ్లే చెబుతారు. ఆ ప్రశ్న వేయాలని టీచరుకు తోచాలి. అలా తోచేలా చేసే శిక్షణ మన దగ్గర ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల టీచర్లకు సరిగ్గా ఎప్పుడూ అందలేదు. ఎందుకో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల శిక్షణ రూపురేఖలు మార్చింది బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం). 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. కృత్యాల ద్వారా నేర్పడం, జట్టుపని, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడలమీద ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను అది బడుల్లోకి తెచ్చింది. టీచర్లు కలిసి మాట్లాడుకునేందుకు కేంద్రాలు వెలిశాయి. అది నిజంగా మంచి పని. 'కృత్యం' అన్న మాట టీచర్ల నోళ్లలో నానింది అప్పటి నుంచే. కానీ ఆ పథకం దృష్టంతా ఐదో తరగతి దాకానే. 1996లో కొన్ని జిల్లాల్లో మొదలైన డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) కూడా ప్రాథమిక దశనే పట్టుకుంది. హైస్కూలు వైపు చూస్తే అక్కడి ఆరాటమంతా పదో తరగతి ఫలితాల గురించే. ఈ రెండింటి మధ్య యూపీ స్కూలు, అంటే ప్రాథమికోన్నత పాఠశాల, చిక్కుకుపోయింది.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ (టీచర్లను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వచ్చింది. వాటి పరిధిలోకి ఎనిమిదో తరగతి వరకూ వస్తుంది. కాకపోతే అక్కడ చదివి ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, అయినవాళ్లలో ఇంటర్‌లో లెక్కలు తీసుకోనివాళ్లూ ఉంటారు. వాళ్లు పదో తరగతితోనే గణితం వదిలేసినవాళ్లు. స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) పోస్టు లేని యూపీ స్కూళ్లలో ఆరు, ఏడు తరగతుల లెక్కలు వాళ్ల మీదే పడ్డాయి. తప్పు వాళ్లది కాదు. తాము బట్టీపట్టిన సూత్రాన్ని విప్పి చూసే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

2001 ప్రాంతంలో సర్వశిక్షా అభియాన్ వచ్చాక డబ్బు వచ్చింది, రోజులూ వచ్చాయి: టీచరుకు ఏడాదికి 20 రోజుల శిక్షణ అన్నారు. అది అంచెలంచెలుగా దిగింది. రాష్ట్రస్థాయిలో నేర్చుకున్నవాళ్లు జిల్లాలో, జిల్లావాళ్లు మండలంలో చెప్పారు. ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) దాకా వచ్చేసరికి చాలాచోట్ల మిగిలింది మాడ్యూల్ చదివి వినిపించడం. పిల్లవాడు ఎందుకు తప్పు చేశాడన్న చర్చ పై అంచెలోనే ఆగిపోయేది. ఒక లెక్కల టీచరుకు అన్నిటికంటే అవసరమైనది ఆ చర్చే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం గణిత బోధనపై ఆర్. రామానుజం అధ్యక్షతన పనిచేసిన బృందం నాలుగు ప్రధాన సమస్యలు గుర్తించింది. పిల్లల్లో భయం, వైఫల్య భావన మొదటిది. టీచర్లకు సన్నద్ధత, అండ లేకపోవడం వాటిలో ఒకటి. ఆ చట్రాన్ని అనుసరించి అప్పటి ఉమ్మడి రాష్ట్రం 2011లో సొంత చట్రం రాసుకుంది. 2012-13 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆలోచింపజేసే ప్రశ్నలు నిండుగా ఉన్న ఆ పుస్తకాలంటే నాకు గౌరవం. అయితే పుస్తకం మారిన వేగంతో టీచరు తయారీ మారలేదు.

మధ్యలో వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సబ్జెక్టు టీచర్లు ఉండాలంది. కానీ షెడ్యూలులో సైన్సునూ లెక్కలనూ ఒకే గాటన కట్టింది. రెండింటికీ కలిపి ఒక్క టీచరున్నా చట్టం ఒప్పుకుంటుంది. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో ఈ తరగతుల కోసం ఉన్న రెండో పేపరు జాతీయ నమూనాలోనూ అంతే: 150 మార్కుల్లో 60 లెక్కలు, సైన్సులకు కలిపి. జంతుశాస్త్రం చదివి వచ్చిన టీచరు బీజగణితం చెప్పాల్సి వచ్చే పరిస్థితికి చట్టంలోనే తలుపు తెరిచి ఉంది.

గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 2018లో సుమారు 44 శాతమని పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే చెప్పింది. 2024లో అది దాదాపు 46. ఆ మధ్యలో 2019లో నిష్ఠ పేరుతో టీచర్లకు దేశవ్యాప్త శిక్షణ మొదలై, కరోనా కాలంలో దీక్షా అనే ఆన్‌లైన్ వేదికపైకి మారింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం ప్రాథమిక తరగతుల పునాది కోసం వచ్చింది. అదే ఏడాది ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టడంతో టీచర్లు ఆ భాషలో బోధించడానికీ శిక్షణ పొందాల్సి వచ్చింది.

2020 విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. యాప్‌లో వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకున్నా ఆ గంటలు లెక్కలోకి వస్తున్నాయి. వాటిలో కనీసం పది గంటలు, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరదగ్గర బడుల సమూహం) సమావేశంలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల టీచర్లు తమ పిల్లల నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని, ఒక్కో తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడానికి కేటాయించాలి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, కాంప్లెక్సులు ఉన్నాయి, డైట్‌లూ ఉన్నాయి. డైట్‌లలో ఖాళీగా ఉన్న గణితం లెక్చరర్ పోస్టులు నింపితే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.