కొత్త మందిరానికి చూరు ఎంత దింపాలి?

ప్రియమైన సండే స్కూలు పిల్లలకు,

పర్లాకిమిడి నుంచి తాతయ్య దీవెనలు.

మీరు గీసి పంపిన కొత్త మందిరం బొమ్మలన్నీ చూశాను. అందరూ సూదిమొన శిఖరమే వేశారు. క్యాలెండర్లలో మీరు చూసే చర్చిలు అవే కదా. ఒకసారి డోర్నకల్ కేథడ్రల్ ఫొటో చూడండి. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు కట్టించిన ఆ ఆలయాన్ని 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాల తరహా స్తంభాలు అక్కడ ఒక్కచోటే కనిపిస్తాయి. క్రైస్తవం ఈ నేలకు పరాయిదిగా ఉండకూడదని ఆయన తపన.

అయితే రూపం ఒక్కటే తీసుకుంటే చాలదు, దాని వెనక కారణం కూడా పట్టుకోవాలి. మన కొండల్లో సవరల ఇళ్లే చూడండి. ఎత్తయిన అరుగు, మట్టి గోడలు, ఎర్రమట్టి పూత, ముందు వసారా. తడిస్తే మట్టి గోడ నిలవదు, అందుకే చూరు బాగా కిందికి దింపుతారు. నేల చెమ్మ పైకి ఎక్కకుండా అరుగు ఎత్తుగా కడతారు. మన మందిరానికి అలాంటి వసారా ఉంటే చంటిపిల్లల తల్లులు అక్కడే నీడన కూర్చుని వాక్యం వినవచ్చు.

శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్లు ఉంటాయి. గుండ్రటి గోడకు గాలి పక్కలకు జారిపోతుంది. కప్పు దాదాపు నేలదాకా వాలి ఉంటుంది. 2018లో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాను ఎంత కుదిపిందో ఇంట్లో పెద్దలను అడగండి. నేను గుండ్రటి మందిరమే కోరుకుంటున్నాను. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే మనమంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ పాడుకోవచ్చు, ఎవరూ వెనక వరసలో మిగిలిపోరు.

ఒక చిక్కు ఉంది. నున్నటి సిమెంటు గోడను గుండ్రంగా కడితే మాట మారుమోగి ప్రసంగం తెలియదు. గరుకు మట్టిపూత, పైన గడ్డి కప్పు ఉంటే మోత తగ్గుతుంది. గడ్డిని కొన్నేళ్లకోసారి మార్చాలని సంఘ పెద్దలు వెనకాడుతున్నారు. కప్పు నేసే పనివాళ్లకు ఊళ్లోనే కూలి దొరుకుతుందని నేను వాళ్లతో గట్టిగా వాదిస్తున్నాను.

గంట ఎక్కడ కట్టాలని అడిగారు. దానికి శిఖరం అక్కర్లేదు. ముంగిట్లో రెండు రాతి స్తంభాలు నిలిపి, అడ్డదూలానికి వేలాడదీయవచ్చు. ఈసారి బొమ్మలో వాన ఏ వైపు నుంచి కొడుతుందో బాణం గుర్తు కూడా వేసి పంపండి.

మీ తాతయ్య