జా లైన్: అపోహలు - వాస్తవాలు

పోయిన మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు వాళ్లమ్మతో కలిసి మా క్లినిక్‌కి వచ్చాడు. "ఏంటి బాబూ సమస్య?" అంటే "గడ్డం లేదు మేడమ్" అన్నాడు. వాళ్లమ్మ ఠక్కున అందుకుంది: "మొన్ననే గీయించుకున్నాడు డాక్టరమ్మా, వారంలో వచ్చేస్తుంది." తెలుగులో ఉన్న తిరకాసే ఇది. వెంట్రుకలకీ, అవి మొలిచే చోటుకీ మనకు ఒకటే మాట. కుర్రాడు చెప్పింది రెండోదాని గురించి. పక్కకు తిప్పి చూస్తే అతని మాట నిజమే. కింది పెదవి కంటే గడ్డం ఎముక బాగా వెనక్కి ఉంది. దానికి విరుగుడుగా ఆర్నెల్ల నుంచి రోజూ గంటల తరబడి గట్టి చూయింగ్ గమ్ నములుతున్నాడట. చెవుల కింద కండలు బలిశాయి. గడ్డం మాత్రం ఉన్నచోటే ఉంది.

జా లైన్, అంటే దవడ అంచు గీత, చెక్కినట్టు కావాలని వచ్చే పద్దెనిమిది, ముప్ఫై ఏళ్ల మధ్యవాళ్లలో నేను రోజూ చూసే పొరపాటు ఇదే. దవడ గీత అనేది ఒక వస్తువు కాదు. లోపల ఎముక, దాని వెనక మూల మీద నమిలే కండ, గడ్డం కింద కొవ్వు, ఆ కొవ్వును కప్పుతూ మెడ పొడవునా పరుచుకున్న పల్చటి కండ, అన్నిటికీ పైన చర్మం. గీత మసకబారింది అంటే వీటిలో ఏదో తక్కువైంది, లేదా ఏదో ఎక్కువైంది. ఏదన్నది తేలకుండా సూది పట్టుకోవడమంటే పొట్టనొప్పికి కట్టు కట్టడమే.

అపోహ: గమ్ నమిలితే, నాలుక అంగిటికి నొక్కితే దవడ చెక్కినట్టు అవుతుంది

నమిలే కండ పెరుగుతుంది, కాదనను. కానీ అది ఉండేది దవడ మూలల్లో. పెరిగితే ముఖం కింది భాగం వెడల్పవుతుంది, గడ్డం కింది కొవ్వు ఇసుమంతైనా కరగదు. పైగా చెవి ముందుండే దవడ కీలు టక్‌టక్‌మంటుంది, పొద్దున లేస్తే కణతలు నొప్పి. ఆన్‌లైన్‌లో అమ్మే రబ్బరు బంతులతోనూ ఇదే తంతు. వక్కలు, గుట్కా ఏళ్ల తరబడి నమిలినవాళ్లకూ ఈ కండలు బలుస్తాయి. అయితే వాళ్లకు దాంతోపాటు నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు కూడా రావచ్చు.

నాలుక నొక్కే పద్ధతికి మ్యూయింగ్ అని పేరు. బ్రిటన్‌కు చెందిన జాన్ మ్యూ, మైక్ మ్యూ అనే తండ్రీకొడుకులైన దంతవైద్యుల ఇంటిపేరు మీద వచ్చింది. ఎదుగుదల పూర్తయిన ఎముక నాలుక ఒత్తిడికి ఆకారం మారుతుందనడానికి ఆధారం లేదు. ఇక ఎముక మీద సుత్తితోనో సీసాతోనో కొట్టుకుంటే గట్టిపడి పెరుగుతుందని చెప్పే వీడియోలున్నాయి చూడండి, వాటి గురించి ఒక్క మాట చాలు: నరాలు, పళ్లు, ఎముక మూడూ దెబ్బతింటాయి. దయచేసి మానండి.

అపోహ: డబుల్ చిన్ ఉంది అంటే లావెక్కినట్టే

డబుల్ చిన్, అంటే గడ్డం కింద రెండో మడత, సన్నగా రివటలా ఉన్నవాళ్లకూ ఉంటుంది. గడ్డం ఎముక పొట్టిగా ఉన్నా, గొంతులో ఉండే చిన్న హయాయిడ్ ఎముక పుట్టుకతోనే కిందికి ఉన్నా మెడకూ దవడకూ మధ్య మలుపు తేలదు. అలాంటివాళ్లు పది కిలోలు తగ్గినా బుగ్గలు పీక్కుపోతాయే తప్ప గీత రాదు. బరువు నిజంగా ఎక్కువ ఉన్నవాళ్లకు మాత్రం ముందు ఐదారు కిలోలు తగ్గి రమ్మంటాను. క్లినిక్‌కి అది నష్టమే, అయినా సరే.

గడ్డం కింద ఉన్నదంతా కొవ్వని అనుకోవడం ఇంకా ప్రమాదం. ముందు వేళ్లతో తడిమి చూడాలి. థైరాయిడ్ వాపు కావచ్చు, టీబీ గడ్డ కావచ్చు, లాలాజల గ్రంథి కావచ్చు. ఒకవైపే ఉబ్బితే, గట్టిగా తగిలితే అద్దం ముందు నిలబడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మా వైపు ఇంకోటి తరచూ కనిపిస్తుంది. బక్కగా ఉన్నామని బరువు పెరగడానికి పేరూ ఊరూ లేని పొడులు, మాత్రలు తెచ్చుకుని వాడతారు. రెండు నెలల్లో ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమై, దవడ గీత మాయమవుతుంది. వాటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. ఆ ముఖానికి ఏ ఇంజెక్షనూ పనిచేయదు. అలాగని పొడిని ఒక్కసారిగా మానేయకూడదు. చాలాకాలం వాడినవాళ్ల శరీరం సొంత స్టెరాయిడ్ తయారీ ఆపేసి ఉంటుంది, హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డబ్బాతో సహా డాక్టర్‌కు చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

అపోహ: కొవ్వు కరిగించే ఇంజెక్షన్ వేయించుకుంటే పెళ్లినాటికి సెట్ అయిపోతుంది

ముహూర్తం పది రోజులుందనగా వచ్చే పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్లూ, ఈ పేరా మీకే. గడ్డం కింది కొవ్వుకు డీఆక్సీకోలిక్ యాసిడ్ అనే మందును అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతించింది. మన శరీరంలో పైత్యరసం కొవ్వును అరిగించడానికి వాడేదే ఇది. కొవ్వు కణాల గోడలను పగలగొడుతుంది. ఒక సిటింగ్‌లో 50 వరకు చిన్నచిన్న పోట్లు, సిటింగ్‌కూ సిటింగ్‌కూ కనీసం నెల ఎడం, మొత్తం ఆరు సిటింగ్‌ల వరకు. ఫలితం నెలల మీద తెలుస్తుంది. వేయించుకున్న మర్నాడు మాత్రం గొంతు కింద కప్పలా ఉబ్బుతుంది, కమిలి నీలంగా మారుతుంది, కొన్ని వారాలు మొద్దుబారినట్టుంటుంది. దవడ అంచు వెంబడి పోయే సన్నటి నరానికి మందు తగిలితే కొన్నాళ్లు నవ్వు వంకరపోతుంది. పెళ్లి ఆల్బమ్‌లో అదెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరో సంగతి. ఈ మందు పనిచేసేది చర్మం కింద, పల్చటి కండకు పైనున్న కొవ్వు మీదే. కండ లోపల దాగిన కొవ్వుకు సూదితో చేరలేం, చేరకూడదు కూడా. పళ్లు గట్టిగా బిగించి, గడ్డం కింద చిటికెతో పట్టుకోమంటాం. అప్పటికీ వేళ్ల మధ్య మెత్తగా దొరికేదే పై కొవ్వు. కొవ్వు ఎక్కువుండి, చర్మం బిగువుగా ఉన్న కుర్రవాళ్లకు చాలాసార్లు ఆరు సిటింగ్‌ల కంటే కొవ్వును సన్నటి గొట్టంతో పీల్చి, ఒక్కసారి చేసే చిన్న లైపోసక్షనే నయం.

చల్లదనంతో కొవ్వు గడ్డకట్టించే మెషీన్లూ ఉన్నాయి. అరుదుగా వాటివల్ల కరగాల్సిన కొవ్వు కరగకపోగా గట్టిపడి, ఇంకా పెరుగుతుంది. కెనడా మోడల్ లిండా ఎవాంజెలిస్టా తనకు ఇలాగే జరిగిందని 2021లో బయటపెట్టాకే చాలామందికి ఈ సంగతి తెలిసింది.

అపోహ: ఫిల్లర్ అంటే ఏముంది, ఆర్నెల్లకు కరిగిపోతుంది

ఫిల్లర్ అంటే చర్మం కింద సూదితో నింపే జెల్. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ ఒక సిరంజిలో ఉండేది ఒక ఎం.ఎల్., అంటే టీస్పూన్‌లో ఐదో వంతు. దవడ పొడవునా గీత తేల్చడానికి ఆ ఒక్క సిరంజి ఏ మూలకూ చాలదు, చాలామందికి మూడు నాలుగైనా పడతాయి. మంచి బ్రాండ్ ఒక్కో సిరంజి ఇరవై వేల పైమాటే. "ఒక్క సిరంజితో జా లైన్" అన్న ఆఫర్ ఎక్కడ కనిపించినా అనుమానించండి. గట్టి రకాలు ఏడాది పైనే ఉంటాయి. ముఖంలో వేసిన ఫిల్లర్ రెండేళ్లు దాటాక కూడా ఎమ్ఆర్ఐలో కనిపించిన సందర్భాలున్నాయి. తగ్గిందనుకుని ఏటా పైన పైన వేయించుకుంటూ పోతే ముఖం బరువుగా, పిండి ముద్దలా తయారవుతుంది. దవడ గీత కోసమే చేసిన వాల్యూక్స్ అనే ఫిల్లర్‌ను 2022లో ఎఫ్‌డీఏ అనుమతించినప్పుడు 21 ఏళ్లు దాటినవాళ్లకే అంది. ఇంటర్ చదివే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులకు నేను ఇదే చెబుతాను.

అసలు భయం ఇది కూడా కాదు. పళ్లు బిగించి, దవడ కండ ముందు అంచు దగ్గర ఎముక మీద వేలు పెట్టండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ముఖానికి రక్తం తీసుకెళ్లే ధమని సరిగ్గా అక్కడే ఎముకను దాటుతుంది. ఫిల్లర్ దానిలోకి పోతే ఆ పైన చర్మం పాలిపోయి, ఆపైన నల్లబడి చచ్చిపోతుంది. ముఖం మీద వేసిన ఫిల్లర్ల వల్ల అరుదుగా చూపు పోయిన కేసులూ ఉన్నాయి. కరిగించే విరుగుడు హయలురోనిడేజ్. ఆ సీసా చేతికందేలా లేని చోట ఫిల్లర్ వేయించుకోకండి. అడగడానికి మొహమాటం వద్దు. "ఉంది, ఇదిగో" అని ఫ్రిజ్ తీసి చూపించాలి. డిగ్రీ ఏమిటో, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏమిటో కూడా అడగండి. సీల్ మీ ముందే విప్పించి, దానిమీద స్టిక్కర్ ఇంటికి తెచ్చుకోండి. సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ కొట్టే పెన్నులు బ్యూటీ పార్లర్లలోకి వచ్చాయి. వాటిని వాడొద్దని ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది.

అపోహ: బొటాక్స్ దవడను చెక్కుతుంది

బొటాక్స్ కండను సడలించే ఇంజెక్షన్. నిద్రలో పళ్లు కొరికి, దవడ కండ బలిసి, ముఖం చతురస్రంలా ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. కండ మెల్లగా సన్నబడటానికి వారాలు పడుతుంది, ఆర్నెల్లలోపే మళ్లీ మొదటికి రావడం మొదలవుతుంది. గడ్డం పొట్టిగా ఉన్నవాళ్లకు వేస్తే మాత్రం ఉన్న కాస్త గీతా పోతుంది. అదే బొటాక్స్, అదే డోసు, ముఖం వేరు.

అపోహ: మెషీన్‌తో బిగిస్తే, దారాలతో లాగితే చాలు

అల్ట్రాసౌండ్ వేడితో బిగించే హైఫూ మెషీనూ, చర్మం కింద వేసే థ్రెడ్లూ (దారాలు) జారిన చర్మానికి. పాతికేళ్ల చర్మం జారదు. డబ్బు దండగ.

బుగ్గ లోపలి కొవ్వు తీయించుకోవడం మీద నాకు ఇంకాస్త కోపం ఉంది. ఆ కొవ్వుకు దవడ గీతతో సంబంధం తక్కువ, ఒకసారి తీశాక తిరిగి రాదు. వయసుతో బుగ్గలు ఎలాగూ లోపలికి పోతాయి.

అపోహ: సర్జరీ అన్నీ అయ్యాక చివరి దారి

గడ్డం ఎముకే పొట్టిదైతే అదే మొదటి దారి కావచ్చు. నోటి లోపలి నుంచే గడ్డం ఎముకను కోసి కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి, ప్లేటుతో బిగిస్తారు. బయట మచ్చ ఉండదు. మత్తు ఇవ్వాలి, వారాలపాటు వాపుంటుంది, కింది పెదవి కొన్నాళ్లు మొద్దుబారుతుంది, కొందరికి ఆ మొద్దు మిగిలిపోతుంది కూడా. ఇవన్నీ చెప్పాకే ఒప్పుకోవాలి. ఎదుగుదల ఆగేదాకా ఆగాలి. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవకపోతే, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగుతుంటే సమస్య గడ్డం చివరలో కాదు, మొత్తం కింది దవడలో ఉంది. అప్పుడు నా దగ్గర కాదు పని, పళ్ల క్లిప్పుల డాక్టర్, దవడ సర్జన్ ఇద్దరూ కలిసి చూడాలి.

అపోహ: సెల్ఫీలో కనిపించేదే నా ముఖం

30 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, 1.5 మీటర్ల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే మగవాళ్ల ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ముక్కు ముందుకు పొంగితే దవడ మూలలు వెనక్కి పోతాయి. ఇంకొకర్ని ఐదడుగుల దూరంలో నిలబెట్టి, పెదాలు వదులుగా ఉంచి, ఎదురుగా చూస్తూ పక్కనుంచి తీయించుకోండి. ఆ ఫొటోతోనే రండి. అందులో లోపమేమీ లేకపోయినా రోజుకు గంటలు అద్దం ముందే గడుస్తుంటే, నలుగురిలోకి వెళ్లడం మానేస్తుంటే నేను సూది పట్టుకోను. మానసిక వైద్యుల నంబర్ ఇస్తాను. కొందరు కోపంతో లేచి వెళ్లిపోతారు.

ఆ కుర్రాణ్ని దవడ సర్జన్ దగ్గరికి పంపాను, గమ్ మాన్పించాను. వెళ్తూ వాళ్లమ్మ గుమ్మం దగ్గర ఆగి, "మరి అప్పటిదాకా ఆ గడ్డం గీయించాలా, వద్దా డాక్టరమ్మా?" అంది. పెంచమన్నాను. గడ్డం కింది అంచును దవడ ఎముక మీదే గీయిస్తే కింద ఉన్నదంతా బయటపడుతుంది, కంఠమణికి రెండు వేళ్లు పైన ఆపమన్నాను.