నెలసరి నొప్పి: హాస్టల్ గదుల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో స్త్రీవైద్యురాలిగా పనిచేస్తున్నాను. భంజ బిహార్‌లోని విశ్వవిద్యాలయం నుంచి, ఊళ్లోని కాలేజీల నుంచి వచ్చే అమ్మాయిలు, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న తెలుగు పిల్లలు తరచూ ఒకే మాటతో లోపలికి వస్తారు: "రేపు పరీక్ష ఉంది మేడం, ఇంజెక్షన్ ఇచ్చేయండి." వీళ్లలో చాలామందికి ఇంజెక్షన్ దాకా రావలసిన పనే లేదు. చవకైన మాత్ర ఉంది, అది పనిచేస్తుంది కూడా. తప్పుతున్నదల్లా వేసుకునే వేళ.

అపోహ: ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, ఇక తట్టుకోలేనప్పుడే మాత్ర వేసుకోవాలి.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం చేసే నష్టం మిగతావన్నీ కలిసినా చేయవు. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోగానే గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. నొప్పి తీవ్రంగా ఉన్నవారిలో ఆ బిగువుకు లోపలి పీడనం 120 మిల్లీమీటర్ల పాదరసం దాటుతుంది. కాసేపు కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి అక్కడ పుడుతుంది. నడుము పీకడం, తొడలు లాగడం దాని కొనసాగింపే. ఇవే రసాయనాలు పేగులనూ కదిలిస్తాయి కాబట్టి వికారం, విరేచనాలు తోడవుతాయి. "నిన్న తిన్నది పడలేదు" అని మెస్సు వంటను తిట్టుకునే పిల్లల్లో కొందరి సంగతి ఇదే.

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం అనే నొప్పి మందులు ఈ రసాయనాల తయారీని ఆపుతాయి. అప్పటికే తయారైపోయినవాటిని వెనక్కి తీసుకోలేవు. కాబట్టి మొదటి మెలిక తెలియగానే, లేదా మొదటి చుక్క కనిపించగానే వేసుకోవాలి. నెల తప్పకుండా తేదీకి వచ్చేవారు ముందు రోజే మొదలుపెట్టవచ్చు. ఐబుప్రొఫెన్ అయితే 400 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకు ఒకటి చొప్పున, రెండు మూడు రోజులు, ఏదైనా తిన్న తరువాత. ఉదయం టిఫిను మానేసి ఖాళీ కడుపున మింగి, "మాత్ర పడలేదు" అనడం హాస్టళ్లలో మామూలు. కడుపులో పుండు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భం వచ్చి ఉండే అవకాశం ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోకూడదు.

అపోహ: మాత్రలు అలవాటైపోతాయి, తరువాత పిల్లలు పుట్టరు.

వాస్తవం: నెలకు రెండు మూడు రోజులు వేసుకునే ఈ మాత్రలు వ్యసనం కావు, గర్భసంచిని పాడుచేయవు. అలాగని మందుల షాపులో చేతికిచ్చిందల్లా మింగమనడం లేదు. 2023 చివరలో మందుల నాణ్యత, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనమిక్ ఆమ్లం గురించి ఒక హెచ్చరిక చేసింది. అరుదుగా కొందరిలో అది డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ తెస్తుంది. మందుల షాపుల్లో అమ్మే మెఫ్తాల్ స్పాస్ మాత్రలో ఉన్నదీ ఈ మందే. మాత్ర మొదలుపెట్టాక కొన్ని వారాల్లో జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు, ముఖం వాపు కనిపిస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి రండి.

అపోహ: ఇదంతా మనసులో ఉంటుంది, ఈ కాలం పిల్లలకు సున్నితం ఎక్కువ.

వాస్తవం: ఒకప్పుడు వైద్యులే ఈ మాట అనేవారు. 1957లో వి.ఆర్. పికిల్స్ అనే శాస్త్రవేత్త నెలసరి స్రావంలోనే కండరాన్ని బిగించే పదార్థం ఉందని చూపించాడు. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ తేల్చాడు. 1982 నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ఇంకా మనసు మీదకు నెట్టేవాళ్లకు నా దగ్గర ఓపిక తక్కువ.

అపోహ: పఖాళ (నీళ్లు పోసి పులియబెట్టిన చద్దన్నం) తినకూడదు, పెరుగు తినకూడదు, తలస్నానం చేయకూడదు.

వాస్తవం: తినవచ్చు, చేయవచ్చు. వాము నీళ్లు తాగితే హాయిగా ఉంటే తాగండి. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి మాత్రం నిజంగా పనిచేస్తుంది. వారానికి మూడుసార్లయినా ముప్పావుగంట నుంచి గంట నడక, వ్యాయామం చేసేవారిలో నొప్పి తగ్గుతుంది.

అపోహ: రక్తం తక్కువ కాబట్టి నొప్పి.

వాస్తవం: రక్తహీనత వేరే జబ్బు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఒడిశా మహిళల్లో అది సుమారు 64 శాతం మందికి ఉంది. ఐరన్ మాత్రలు నీరసాన్ని తగ్గిస్తాయి, మెలికలను తగ్గించవు. రెండూ ఉంటే రెండింటికీ మందు వాడాలి.

అపోహ: పెళ్లయితే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: కాన్పు తరువాత కొందరిలో నొప్పి తగ్గుతుంది, నిజమే. పెళ్లి వైద్యం కాదు. పైగా ఈ మాటతో వాయిదా వేసిన నొప్పుల్లో కొన్ని ఎండోమెట్రియోసిస్ అవుతాయి. అంటే గర్భసంచి లోపలి పొర వంటి కణజాలం బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సంతాన వయసు స్త్రీలలో దాదాపు పది శాతం మందికి ఇది ఉంటుంది. కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. నొప్పి ఏటేటా పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లోనూ ఉన్నా, మలమూత్రాలకు వెళ్లేటప్పుడు పొడుస్తున్నా, మూడు నెలలు సరిగా మందు వాడినా లొంగకపోయినా చూపించుకోవాలి. స్కానింగ్ మామూలుగా వచ్చిందని వదిలేయవద్దు. తొలి దశలో అది స్కానింగ్‌కు చిక్కకపోవచ్చు.

ఇక్కడే తల్లులు వెనకాడతారు. "పెళ్లికాని పిల్ల మేడం, లోపల పరీక్ష చేస్తారా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. చాలా సందర్భాల్లో అవసరం ఉండదు. వివరంగా మాట్లాడటం, నిండు మూత్రాశయంతో పొట్ట మీద నుంచి స్కానింగ్, ఇవి చాలు. నా గది బయట బెంచీ మీద ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారన్న భయం ఇంకొకటి. దానితో జనరల్ డాక్టరు దగ్గరికి వెళ్లి "కడుపునొప్పి" అని మాత్రమే చెప్పి, గ్యాస్ మాత్ర తీసుకుని వెళ్లిపోతారు. నెలసరి అనే మాట నోటితో చెప్పండి. లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అపోహ: సెలవు ఇచ్చేస్తే చాలు.

వాస్తవం: సెలవు కావాలి. జూన్ మధ్యలో రొజొ పండుగకు భూదేవి రజస్వల అయిందని మూడు రోజులు నాగలి ఆపే నేల ఇది. 2024లో ఒడిశా ప్రభుత్వం మహిళా ఉద్యోగులకు నెలకు ఒక రోజు నెలసరి సెలవు ప్రకటించింది. కేరళలో కొచ్చిన్ విశ్వవిద్యాలయం 2023లో విద్యార్థినులకు హాజరులో రెండు శాతం సడలింపు ఇచ్చింది. మన దగ్గరా అడగాలి. కానీ ప్రతి నెలా రెండు రోజులు మంచం దిగలేని అమ్మాయికి కావలసింది సెలవుతో పాటు వైద్యం. మాత్రలకు లొంగకపోతే హార్మోన్ మాత్రలు ఉన్నాయి, అవీ భవిష్యత్తులో సంతానానికి అడ్డు రావు.

వచ్చేటప్పుడు రెండు నెలల వివరాలు ఫోనులో రాసుకుని రండి: నెలసరి వచ్చిన తేదీ, నొప్పి మొదలైన గంట, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఎంతసేపటికి తగ్గింది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు.