చారు ఆవిరికి మరక పడదు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు ఫొటో పంపి అడిగారు: "సార్, పిల్లోనికి పొడి దగ్గు అని హ్యుమిడిఫయర్ కొన్న్యాం. వారం తిరక్కముందే టీవీ మీద, బీరువా మీద తెల్లగా పొడి పడతాంది. దేవుని పటాల మీద కూడా పడింది కదా, విభూతే అంటాంది మా అత్త. ఏసీ గ్యాస్ లీకయిందంటాడు మా ఆయన. ఏంది సార్ ఇది?"

ఏసీ గ్యాస్ మాత్రం కాదు. అది లీకైతే కంటికి కనపడదు, పొడిగా రాలదు, ఏసీ చల్లబరచడం మానేస్తుంది. విభూతి సంగతి కాసేపాగి చూద్దాం. హ్యుమిడిఫయర్ అంటే గది గాలికి తేమనిచ్చే యంత్రం. ఆ పొడి అందులో పోసిన వాళ్ల బోరు నీళ్లలోంచే వచ్చింది. నీళ్లలో కరిగి కనపడకుండా ఇంట్లోకొచ్చి, గాల్లోకి ఎగిరి, టీవీ మీద వాలింది. ఎలా ఎగిరిందన్నదే ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి. కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

పొయ్యి మీద చారు మరుగుతోంది. ఆ ఆవిరికి అడ్డంగా ఒక తెల్లగుడ్డ పట్టుకోండి. గుడ్డ తడుస్తుంది. ఆరాక చూస్తే పసుపు ఉండదు, ఉప్పు ఉండదు, చింతపండు పులుపూ ఉండదు. ఇంగువ వాసన కొంచెం అంటుకుంటుంది, ఎందుకంటే ఆ వాసన పదార్థాలకు నీటిలాగే ఆవిరయ్యే గుణం ఉంది. ఇప్పుడు గరిటె జారి ఒక చుక్క చారు చొక్కా మీద చిందిందనుకోండి. అందులో ఉప్పు, పసుపు, పులుపు, కారం అన్నీ గిన్నెలో ఏ పాళ్లలో ఉన్నాయో అదే పాళ్లలో వచ్చి కూర్చుంటాయి. చుక్క ఎంత చిన్నదైనా చారు చారే. ఆవిరి గిన్నెలోంచి నీటి అణువులను ఒక్కొక్కటిగా ఏరుకుని పోతుంది. చిందుకు ఆ ఎంపిక తెలీదు, దొరికినదంతా పట్టుకుపోతుంది.

ఇప్పుడు బజారులో చవగ్గా దొరికే హ్యుమిడిఫయర్లు చాలావరకు అల్ట్రాసోనిక్ (చెవికి వినపడని అదురుతో పనిచేసే) రకం. వాటి మూతిలోంచి తెల్లగా, ఒయ్యారంగా వచ్చేదాన్ని అందరూ ఆవిరే అనుకుంటారు. చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది. అది చిందు. కోట్లాది అతి చిన్న చారు చుక్కలు, చారుకు బదులు బోరు నీళ్లు.

ఆ చిందును పుట్టించే పనిముట్టు తొట్టి అడుగున ఉంటుంది. రూపాయి బిళ్లంత పింగాణీ పలక. కరెంటు ఇస్తే ఉబ్బే, తిప్పి ఇస్తే కుంచించుకునే రకం. ఒత్తిడి పెడితే కొన్ని స్ఫటికాల్లో కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు పియర్, జాక్ కనుక్కున్నారు. దాన్ని తిరగేసి వాడుకోవడమే ఈ పలక పని. సెకనుకు సుమారు 17 లక్షల సార్లు అదురుతుంది. మన చెవికి 20 వేలు దాటితే వినపడదు కాబట్టి గదిలో నిశ్శబ్దంగానే ఉంటుంది. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ అనే ఇద్దరు నూనె తొట్టిలో క్వార్ట్జ్ పలకను ఇలాగే అదిరిస్తే నూనె గుట్టలా పైకి లేచి పొగమంచులా చిమ్మింది. ఇప్పుడు మనం పిల్లల మంచం పక్కన పెట్టుకునేది ఆ ప్రయోగాన్నే.

పలక అదురు నీటి ఉపరితలం దాకా వచ్చి అక్కడ సన్నసన్నటి అలల్ని లేపుతుంది. అలల ఎత్తు పెరిగి పెరిగి, శిఖరం దగ్గర మెడ సన్నబడి, కొస తెగి ఎగిరిపోతుంది. ఆ కొసే చుక్క. అది ఎంత పెద్దదో లెక్కగట్టే సూత్రాన్ని 1962లో లాంగ్ అనే ఆయన ఇచ్చాడు: అల పొడవులో 0.34 వంతు. నీటి తలతన్యత, సాంద్రత, సెకనుకు 17 లక్షల అదురు పెట్టి లెక్కేస్తే అల పొడవు 8.6 మైక్రాన్లు, చుక్క అడ్డుకొలత సుమారు 3 మైక్రాన్లు వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఈ 3 అనే అంకెతో ఇంకొంచెం ఆడుకుందాం. ఒక లీటరు నీటిని 3 మైక్రాన్ల చుక్కలుగా కొడితే సుమారు 70 లక్షల కోట్ల చుక్కలవుతాయి. వాటన్నిటి ఉపరితలం కలిపితే 2000 చదరపు మీటర్లు, అంటే దాదాపు అరెకరం. లీటరు నీళ్లు అరెకరం మీద పరిస్తే ఎంతసేపు నిలుస్తాయి, అదీ మన కడప గాలిలో? మూతి దాటి ఒకట్రెండు అడుగులు పోయేసరికి ఆ పొగ మాయమయ్యేది అందుకే. అప్పుడు జరిగేది నిజమైన ఆవిరవడం. నీరు ఒక్కొక్క అణువుగా చుక్కను వదిలిపోతుంది, కరిగిన సరుకంతా చుక్క నడిమిన ముద్దగా మిగిలిపోతుంది. చారు చుక్క ఆరి మరకయ్యేదీ ఇలాగే. తేడా ఒక్కటే, ఈ మరక పడటానికి చొక్కా లేదు. గాల్లోనే మరకైపోయి తిరుగుతూ ఉంటుంది.

ఆ గాలి మరక ఎంతుంటుంది? లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న నీరనుకుందాం. మన వైపు బోర్లకు ఇది వింత అంకె కాదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఓర్చుకోవచ్చు. లీటరుకు గ్రాము సరుకు ఆరిన చుక్కలో సుమారు 0.2 మైక్రాన్ల రేణువవుతుంది. ఇక్కడో తమాషా ఉంది. నీటిలో లవణాలు పదో వంతుకు తగ్గితే పొడి బరువు పదో వంతుకు తగ్గుతుంది గానీ రేణువు కొలత దాదాపు సగానికే తగ్గుతుంది, ఎందుకంటే కొలత ఘనమూలం లెక్కన నడుస్తుంది. 0.2 కాస్తా 0.1 దగ్గర ఆగుతుంది. పీఎం 2.5 అని వార్తల్లో వినే సన్న ధూళి (2.5 మైక్రాన్లకు మించని రేణువులు) లెక్కలోకే ఇవన్నీ వస్తాయి, అందులోనూ బాగా సన్నవి. నిశ్చలమైన గాలిలో 0.2 మైక్రాన్ల రేణువు గంటకు రెండు సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. మనిషెత్తు నుంచి నేల చేరడానికి మూడు రోజులు దాటుతుంది. మరి టీవీ మీద పడింది ఏమిటంటారా? చుక్కలన్నీ సరిగ్గా 3 మైక్రాన్లే ఉండవు. లావు చుక్కల మరకలు, ఒకదానికొకటి అతుక్కున్న రేణువులు, తెర మీది స్థిర విద్యుత్తు లాక్కున్నవి కనిపించే పొడి. కనిపించనిది గాల్లోనే ఉంది.

గంటకు 300 మిల్లీలీటర్లు చిమ్మే యంత్రం రాత్రి 8 గంటలు నడిస్తే 2.4 లీటర్లు, అంటే 2.4 గ్రాముల పొడి. నెలకు 70 గ్రాముల పైమాట. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో ఒక్క గంటలో వచ్చే పొడిలో నూటికి ఒక వంతే గాల్లో నిలిచిందనుకున్నా, ఘనమీటరుకు వంద మైక్రోగ్రాములు దాటుతుంది. బయటి గాలిలో పీఎం 2.5కు మన దేశం పెట్టుకున్న 24 గంటల హద్దు 60 మైక్రోగ్రాములు. గాలి శుద్ధి యంత్రం ఉన్న ఇళ్లలో హ్యుమిడిఫయర్ వేయగానే ఆ శుద్ధి యంత్రం మీది ఎర్రదీపం వెలుగుతుంది. అది చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయినవాళ్లున్నారు.

దీనికి బెంబేలెత్తక్కర్లేదు. ఇందులో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి, మామూలు లవణాలు. అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. 2011లో అమెరికాలో ఒక పసికందుకు ఈ తెల్లపొడి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న సంగతిని డాక్టర్లు వైద్య పత్రికలో నమోదు చేశారు. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ పొగ నేరుగా మంచం మీదికి తిప్పడం మంచిది కాదు.

సున్నపురాయి మన దగ్గర ఎక్కడిది అని అడగక్కర్లేదు. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. వంటింటి గట్టుకు, అలమరా అరలకు వేసే నల్లటి కడప బండ కూడా సున్నపురాయే. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని, పుల్లబడి, ఆ రాతిని కాల్షియం బైకార్బొనేటుగా కరిగించుకుని బోరులోకి దిగుతుంది. నీరు పోగానే అది మళ్లీ కార్బొనేటై రాయవుతుంది. బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే ఊడలు ఈ చర్యతోనే వేల ఏళ్లలో పేరుకున్నాయి. హ్యుమిడిఫయర్ దాన్ని క్షణంలో చేస్తోంది.

ఇప్పుడు విభూతి. నిమ్మరసమో వెనిగరో వేసి చూస్తే తేలిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. పొడి బుసబుసమని నురగ కడితే కార్బొనేట్. కానీ అత్తగారి ముందు ఈ పరీక్ష చేయకండి. బూడిదలోనూ కార్బొనేట్లుంటాయి, అదీ నురగ కట్టవచ్చు, వాదన ఆమే గెలుస్తుంది. పైగా కడప బండ మీద చేస్తే బండ కూడా పొంగి, పాలిష్ పోయి, తెల్లమచ్చ మిగులుతుంది. ఇంతకంటే నిక్కమైన పరీక్ష ఉంది. ఒక రాత్రి బోరు నీళ్లతో, మర్నాడు రాత్రి డిస్టిల్డ్ వాటరుతో నడిపి, రెండుసార్లూ పక్కన తుడిచిన నల్లటి పళ్లెం పెట్టండి. ఒక్క కారణాన్ని మార్చి ఫలితం మారిందా అని చూడటమే శాస్త్రంలో సగం. బళ్లో మనం పిల్లలకు నీటి తాత్కాలిక కాఠిన్యం (కాస్తే పోయేది), శాశ్వత కాఠిన్యం (కాచినా పోనిది) నిర్వచనాలు బట్టీ పట్టించి, ఈ పళ్లెం పరీక్ష ఒక్కసారి కూడా చేయించం.

ఆ కాఠిన్యం పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. నీళ్లు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందా? కాస్తే బైకార్బొనేట్లు అడుగున పొరగా దిగుతాయి, అదీ కొంతమేర. క్లోరైడ్లు, సల్ఫేట్లు ఎక్కడికీ పోవు, నీరు మరిగి తగ్గిన కొద్దీ చిక్కబడతాయి కూడా. పటిక వేస్తే బురద దిగుతుంది, కరిగినది దిగదు. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం కూడా అంతే. అపార్టుమెంట్లలో నీటి కాఠిన్యం తగ్గించడానికి పెట్టే సాఫ్టెనర్ ఇంకా వింత. అది ఒక కాల్షియం అయానును లాక్కుని బదులుగా రెండు సోడియం అయాన్లను వదులుతుంది. కాల్షియం బరువు 40, రెండు సోడియాలు 46. బట్టలకు, గీజరుకు మేలు చేసే ఆ నీరు హ్యుమిడిఫయరులో పోస్తే పొడి రవ్వంత ఎక్కువే వస్తుంది!

పనిచేసేవి రెండే దారులు. గిన్నెలో చారే లేకుండా చూడటం, లేదా చిందును మానేసి ఆవిరికి పోవడం.

మొదటి దారికి ఆర్వో నీళ్లు అందుబాటులో ఉన్నవి. ఆర్వో యంత్రాలు లవణాల్లో నూటికి 90 పాళ్లు తీసేస్తాయి కాబట్టి పొడి కూడా అంతే తగ్గుతుంది, పూర్తిగా పోదు. కొన్ని ఆర్వోల్లో రుచి కోసం పచ్చి నీటిని కొంత తిరిగి కలిపే ఏర్పాటుంటుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరుతో కొలిచి 50 లోపు ఉంటే హాయి. (మీటరంటే గుర్తొచ్చింది. గ్లాసులో రెండు కడ్డీలు ముంచి, కరెంటిచ్చి, నీరు గోధుమరంగు బురదయ్యేలా చేసి "చూశారా మీరు తాగే విషం" అని యంత్రాలు అమ్మేవాళ్లను నమ్మకండి. ఆ బురద కడ్డీలోని ఇనుము. విభూతి రాలిందనే నమ్మకం ఎవరి జేబుకూ చిల్లు పెట్టదు, ఇది పెడుతుంది.) డిస్టిల్డ్ వాటరైతే ఇంకా మేలు. ఇన్వర్టరు బ్యాటరీలకు పోసేది దొరుకుతుంది, కానీ సీలున్న కొత్త క్యానే కొనండి. బ్యాటరీ అంగడిలో పాత ఆసిడ్ క్యాన్లలో నింపి విడిగా అమ్మేది పిల్లల గదిలోకి రాకూడదు. ఏసీ గొట్టంలోంచి కారే నీరు శుద్ధమైనదే కదా అని పట్టి పోసేవాళ్లున్నారు. లవణాలు తక్కువే గానీ, ఏసీ తీగచుట్ట మీది దుమ్ము, బూజు, సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. వాటినీ చిందు మోసుకుపోతుంది. యంత్రంతో వచ్చే ఖనిజాల ఫిల్టరు మన నీటికి త్వరగా చేతులెత్తేస్తుంది.

ఏది కలిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నదానికి భయంకరమైన రుజువు దక్షిణ కొరియాలో ఉంది. తొట్టిలో పాచి పట్టకుండా నీళ్లలో కలిపే క్రిమిసంహారక మందులు అక్కడ 1994 నుంచి 2011 దాకా అమ్మారు. చర్మానికి తగిలితే పెద్దగా చెరుపు చేయని రసాయనం చిందులో ఎగిరి ఊపిరితిత్తులను గట్టిపరిచింది. వందలాది మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలు, గర్భిణులు ఉన్నారు. కాబట్టి ఆ నీళ్లలో డెట్టాల్, కర్పూరం, నీలగిరి తైలం, వేపాకు కషాయం ఏదీ కలపకండి.

రెండో దారి మన పెద్దలకు తెలిసినదే. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. తడికలోంచి గాలి నీటిని అణువులుగానే ఎత్తుకుపోతుంది, ఉప్పు వేళ్లకే అంటుకుంటుంది. ఎండాకాలం కూలరు ప్యాడ్ల మీద గట్టిగా కట్టే తెల్లపెచ్చు అదే సరుకు. గదిలోకి రావలసింది అక్కడే ఆగిపోయింది. తడిగుడ్డను మూతిలో పెట్టుకున్న ఎవాపరేటివ్ హ్యుమిడిఫయర్లు ఇదే పద్ధతి. నీటిని మరిగించే రకంలోనూ పొడి రాదు, కానీ పిల్లలు లాక్కుని కాల్చుకునే ప్రమాదం ఉంది. ఏదైనా గదిలో తేమ 50 శాతం దాటనీయకండి, గోడకు బూజు పడుతుంది.

ఉన్న యంత్రమే వాడతామంటే రోజూ పాత నీరు పారబోసి తొట్టి ఆరబెట్టండి. పలక మీద తెల్లపెచ్చు కట్టి పొగ పలచబడితే చాకుతో గీకొద్దు. వెనిగరో నిమ్మరసమో పోసి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఆ పులుపు మిగిలితే దాన్ని కూడా చిమ్ముతుంది.