ఒకే డబ్బాలో నాలుగు పవర్ సప్లైలు: వందేళ్ల నాటి పేచీ

ఆడియో పరికరాలు సొంతంగా కట్టుకునేవాళ్ల బల్ల వెనక ఇప్పుడు మూడు నాలుగు అడాప్టర్లు మామూలే. స్ట్రీమర్‌గా (నెట్ నుంచి పాటలు వినిపించేదిగా) వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెరీ పై బోర్డుకి 5 వోల్టులు, డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే డీఏసీకి 12, పవర్ యాంప్‌కి ముందుండే ప్రీయాంప్‌కి ప్లస్ మైనస్ 15, రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజ్‌కి ఇంకొకటి. వీటన్నిటినీ తీసేసి, మంచి ట్రాన్స్‌ఫార్మర్లతో లీనియర్ సప్లైలు (స్విచింగ్ లేని పాత పద్ధతివి) కట్టి ఒకే డబ్బాలో బిగించేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే అసలు పేచీ మొదలవుతుంది. కలిపితే హమ్ (ఇంటి ఏసీ కరెంటు వల్ల స్పీకర్లో వచ్చే గుయ్‌మనే మోత) వస్తుందని ఒకరంటారు, ఏమీ కాదని ఇంకొకరంటారు. నిజానికి రేడియో పుట్టినప్పటి నుంచీ పవర్ సప్లైలను విడదీయడం, మళ్లీ కలపడం జరుగుతూనే ఉంది.

1920ల్లో వాల్వ్ (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టం) రేడియోకి మూడు రకాల బ్యాటరీలు కావాల్సి వచ్చేవి. వాల్వ్‌లోని ఫిలమెంట్‌ను వేడి చేయడానికి ‘ఏ’ బ్యాటరీ, ప్లేట్‌కి ‘బీ’ బ్యాటరీ, గ్రిడ్ బయాస్‌కి ‘సీ’ బ్యాటరీ. దేని దారి దానిదే. బ్యాటరీ ఇచ్చేది నికరమైన డీసీ కాబట్టి హమ్ బెడద లేదు. కానీ యాసిడ్ బ్యాటరీని ఇంట్లో పెట్టుకుని, మాటిమాటికీ చార్జింగ్‌కి మోసుకెళ్లడం పెద్ద తలనొప్పి. 1925లో టొరంటోలో ఎడ్వర్డ్ రోజర్స్ నేరుగా మెయిన్స్ (ఇంటి కరెంటు) మీద నడిచే రేడియోను మార్కెట్లోకి తెచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద వేర్వేరు చుట్లు చుట్టి అన్ని వోల్టేజీలూ అందులోంచే తీయడం మామూలైపోయింది. వాల్వ్ హీటర్లకు వాడే 6.3 వోల్టుల లెక్క కూడా బ్యాటరీ కాలం నాటిదే. ఒక్కో సెల్‌కి 2.1 చొప్పున మూడు సెల్స్ అన్నమాట. సౌకర్యంతో పాటు హమ్ కూడా వచ్చిపడింది.

1953లో వచ్చిన క్వాడ్ 2 పవర్ యాంప్‌లో దీనికొక చక్కని పరిష్కారం కనిపిస్తుంది. దానికి జోడీ అయిన ప్రీయాంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. దానికి కావాల్సిన హై టెన్షన్ (ప్లేట్‌కి ఇచ్చే ఎక్కువ వోల్టేజీ), హీటర్ వోల్టేజీ రెండూ పవర్ యాంప్ నుంచే కేబుల్ ద్వారా వచ్చేవి. మిల్లీవోల్టుల సిగ్నల్ తిరిగే చోటుకి ట్రాన్స్‌ఫార్మర్‌ను రానివ్వకపోవడం అందులోని తెలివి. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ (రికార్డ్ ప్లేయర్ ముల్లు ఉండే ఒక రకం భాగం) ఇచ్చే అర మిల్లీవోల్టును వెయ్యి రెట్లు పెంచాల్సిన ఫోనో స్టేజ్‌లకు సప్లైని వేరే డబ్బాలోకి మార్చేసినవాళ్లదీ ఇదే లెక్క.

1970ల్లో వోల్టేజీని నిలకడగా ఉంచే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీలు చవకగా దొరకడం మొదలయ్యాక ఒక్కో బోర్డుకి ఒక్కో రెగ్యులేటర్ పెట్టుకోవడం చిన్న పనైపోయింది. వాటిలో ఒకటైన ఎల్ఎమ్317ను ఇప్పటికీ జనం ఇష్టంగా వాడుతున్నారు.

గోడకు తగిలించే అడాప్టర్లది ఇంకో కథ. మెయిన్స్ పరికరం లోపలికే రాదు కాబట్టి తయారీదారుకి భద్రతా పరీక్షల బాధ తగ్గుతుంది. దేశాన్ని బట్టి అడాప్టర్ మారిస్తే చాలు. మొదట్లో వాటిలో ఉండేది ఇనుప ట్రాన్స్‌ఫార్మరే. ఏమీ తగిలించకపోయినా వెచ్చగా ఉండి కరెంటు తినేది. అమెరికాలో 2007 నాటి చట్టం 2008 జూలై నుంచి ఖాళీగా ఉన్న అడాప్టర్ అర వాట్ దాటకూడదని షరతు పెట్టింది. 2009లో యూరప్ కూడా ఇలాంటి నిబంధనే తెచ్చింది. దాంతో బరువైన అడాప్టర్లు వెనకబడి, కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ పనిచేసే తేలికైన స్విచింగ్ అడాప్టర్లు అంతటా నిండాయి. కరెంటు ఆదా కోణంలో అది మంచి నిర్ణయమే, నాకు అందులో సందేహం లేదు. అయితే ఈ అడాప్టర్లలో చాలావాటికి మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా లీకయ్యే కరెంటు వెనక్కి పోవడానికి దారి వెతుక్కుంటుంది, ఆ దారి తరచూ పరికరాలను కలిపే మన ఆర్‌సీఏ ఆడియో కేబుల్ షీల్డే (బయటి లోహపు పొరే) అవుతుంది. 2012లో రాస్ప్‌బెరీ పై వచ్చి, కంప్యూటర్ కూడా ఆడియో గొలుసులో చేరాక ఇలాంటి అడాప్టర్లు ఇంకా పెరిగాయి. అన్నిటినీ పక్కన పెట్టి ఒకే లీనియర్ డబ్బా కట్టుకోవాలన్న కోరిక ఇప్పుడు ఇంత బలంగా ఉండటానికి కారణం ఇదే.

మరి కలిపితే ఏమవుతుంది? జనం ముందుగా భయపడేది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రానికి. అది దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతే మిగులుతుంది. పైగా సప్లైలు మాత్రమే ఉన్న డబ్బాలో చెడిపోవడానికి సిగ్నల్ అంటూ ఏదీ లేదు. నా దృష్టిలో భయపడాల్సింది కరెంటు సప్లైకి తిరిగొచ్చే సున్నా వోల్టుల తీగ గురించి.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫిల్టర్ కెపాసిటర్‌కి కరెంటు నిలకడగా పారదు. 50 హెర్ట్జ్ మెయిన్స్ మీద సెకనుకు 100 సార్లు, గుక్కలు గుక్కలుగా వెళ్తుంది. మనం వాడుకునేది 1 ఆంపియరే అయినా ఆ గుక్క 5 ఆంపియర్లు ఉండొచ్చు. ఆ దారిలో 10 మిల్లీఓమ్‌ల తీగ ముక్క ఉన్నా దాని రెండు కొసల మధ్య 50 మిల్లీవోల్టులు పుడతాయి. సీడీ ప్లేయర్ ఇచ్చే 2 వోల్టుల్లో అది నలభయ్యో వంతు. ఫోనో సిగ్నల్‌తో పోలిస్తే వంద రెట్లు. రెండు సప్లైల సున్నాలను డబ్బా లోపలే ఒక తీగతో కలిపి, అవతల పరికరాల దగ్గర కేబుల్ షీల్డ్ ద్వారా మళ్లీ కలిపితే లూప్ తయారైనట్టే. ఆ 50 మిల్లీవోల్టులు ఆ లూప్‌లో పడ్డాయంటే స్పీకర్లో గుయ్‌మని వినిపిస్తుంది.

అందుకే ఒక్కో సప్లైకి సెకండరీ చుట్టు (ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైపుది) వేరు, బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల జట్టు) వేరు, కెపాసిటర్ వేరు ఉండాలి. సున్నాలు డబ్బాలో ఒకదానికొకటి తగలకూడదు, పరికరాల దగ్గర సిగ్నల్ కేబుల్ ద్వారానే కలవాలి. లోహపు డబ్బాని మాత్రం మెయిన్స్ ఎర్త్‌కి గట్టిగా బోల్ట్ చేయాల్సిందే, అందులో బేరం లేదు. ఫ్యూజ్ విషయంలో కూడా పొదుపు పనికిరాదు. 10 వోల్ట్-ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల దగ్గర తీసుకునేది 0.05 ఆంపియర్ కూడా ఉండదు. పక్కనున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను దృష్టిలో పెట్టుకుని వేసిన 3 ఆంపియర్ల ఫ్యూజ్, చిన్నది కాలిపోతున్నా కదలదు. ప్రతి ప్రైమరీకీ (ట్రాన్స్‌ఫార్మర్ మెయిన్స్ వైపు చుట్టుకీ) దాని ఫ్యూజ్ దానికి ఉండాలి. 5 వోల్టులకీ 12 వోల్టులకీ ఒకే రకం సాకెట్ పెట్టడం కూడా ప్రమాదమే. ఏదో ఒకరోజు చీకట్లో తప్పు ప్లగ్ పెడతాం, బోర్డు పోతుంది.

మిగిలింది వేడి, తీగ పొడవు. 9 వోల్టుల నుంచి 5 వోల్టులకు దించి 2 ఆంపియర్లు ఇచ్చే రెగ్యులేటర్ 8 వాట్లు వేడిగా వదులుతుంది. అలాంటివి మూడుంటే డబ్బా గోడలే హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలేది) కావాలి. రాస్ప్‌బెరీ పై బోర్డు 4.63 వోల్టుల దిగువకు పోతే వోల్టేజీ తక్కువైందని హెచ్చరిస్తుంది. సన్నటి పొడుగు తీగతో అక్కడిదాకా జారడం కష్టమేమీ కాదు. అందుకే అనుభవమున్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, కెపాసిటర్ వరకే డబ్బాలో ఉంచి, ఆఖరి రెగ్యులేటర్‌ను పరికరంలోనే, దాన్ని వాడుకునే బోర్డు పక్కనే బిగిస్తారు.