నొప్పి పుట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు

జిమ్‌లో చేరిన మూడో రోజుకే మెట్లు దిగలేకపోతున్నా, మానేయమంటారా అని ఒక పాఠకుడు అడిగారు. మానక్కర్లేదు. ఆ నొప్పి లాక్టిక్ ఆమ్లం వల్ల అని మీ ట్రైనర్ చెప్పి ఉంటే మాత్రం నమ్మకండి. అది చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం. వ్యాయామం ఆపాక గంటా గంటన్నరలో ఆ ఆమ్లం తాలూకు లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఈ నొప్పి మొదలయ్యేదే 12 గంటలు దాటాక. 24–72 గంటల మధ్య ముదురుతుంది. కండరం లోపల చీలికలే కారణమని థియోడర్ హఫ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1902లోనే అన్నాడు.

మెట్టు దిగేటప్పుడు తొడ కండరం బిగిసి ఉండగానే సాగుతుంది. చిక్కంతా అక్కడే. కండరపు పోగులో సార్కోమియర్లనే గదులు వేలకొద్దీ వరుసగా ఉంటాయి, ఒక్కోటి రెండు, రెండున్నర మైక్రోమీటర్లు. అన్నిటికీ ఒకే బలం ఉండదు. పాత లాగు ఎలాస్టిక్ చూడండి: ఒకచోట వదులైతే, లాగిన ప్రతిసారీ అక్కడే ఇంకా సాగుతుంది, మిగతాదంతా బిగువుగానే ఉంటుంది. బలహీనమైన గదీ అంతే. సాగేకొద్దీ లోపలి ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదానిమీద ఒకటి ఉండే మేర తగ్గుతుంది, పట్టు సడలుతుంది, ఇంకా సాగుతుంది, చివరికి పట్టు పూర్తిగా వదిలేస్తుంది. చాలా గదులు మళ్లీ కుదురుకుంటాయి. కుదురుకోనివి పక్కవాటిమీద భారం వేస్తాయి. పోగు పైపొర చిట్లి కాల్షియం లోపలికి చేరుతుంది, ప్రొటీన్లను కోసే ఎంజైములు లేస్తాయి, వాపు వస్తుంది. నొప్పి ఆ వాపుతో వస్తుంది కాబట్టే అంత ఆలస్యం. గదుల గురించి డేవిడ్ మోర్గన్ అనే పరిశోధకుడు 1990లో చెప్పిన ఈ వివరణను అందరూ ఒప్పుకోలేదు గానీ, ఇంతకన్నా అందమైనది నాకు కనబడలేదు.

ఎలాస్టిక్ చేయలేని పని కండరం చేస్తుంది: మరమ్మతులో కొత్త గదులు కలుపుకుంటుంది. పల్లానికి పరుగెత్తించిన ఎలుకల తొడ కండరంలో, ఎత్తుకు పరుగెత్తించిన వాటికన్నా ఎక్కువ గదులు లెక్కతేలాయి. గదులు పెరిగితే ఒక్కోదాని వంతు సాగుడు తగ్గుతుంది. ఒక చేతి కండరం ఇలా సాగి దెబ్బతింటే రెండో చేతికీ కొంత రక్షణ వస్తుంది కనుక, నాడులూ ఏదో నేర్చుకుంటున్నట్టే. మోచేతి కండరాలమీద చేసిన ప్రయోగాల్లో ఆ రక్షణ ఆరు నెలలదాకా నిలిచి, ఏడాదికల్లా పోయింది. కొంత రక్షణ రావడానికైతే గట్టి బరువును రెండు నుంచి ఆరుసార్లు దించినా చాలు.

వరి నాట్లలో వంగి పనిచేసేవాళ్లకు మొదటి రెండ్రోజులు తొడల వెనక, నడుము పట్టేసి, తర్వాత ఒళ్లు అలవాటు పడటం ఇలాంటిదే. ఏడాదికి ఒక్క పంట ఉన్నచోట ఆ అలవాటు మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి మొదటి రోజు కుర్చీ ముందు నిలబడి, మూడు సెకన్లు లెక్కపెడుతూ కూర్చుని లేవండి. ఎనిమిదేసి సార్లు, రెండు విడతలు. అంతకుమించి వద్దు. ఐదారు రోజులాగి మూడు విడతలు, ఆపై వారం చేతిలో బరువు. నొప్పి ఉన్న రోజుల్లో నడవొచ్చు, బరువులెత్తొద్దు, ఎందుకంటే అప్పుడు కండరంలో బలం తగ్గి ఉంటుంది.

తొలిరోజే వంద స్క్వాట్లు చేయించే ట్రైనరైనా, శిక్షగా వంద గుంజీలు తీయించే మాస్టారైనా చేసేది ఒకే తప్పు. కండరం మరీ చితికితే అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి కారి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, తొడ వాచి గట్టిపడినా, నొప్పి మాత్ర వేసుకుని పడుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సీకే (క్రియాటిన్ కైనేజ్, చితికిన కండరం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము) పరీక్ష చేయించుకోవాలి.